సైట్ తెరుచుకుంటుంది, పని మాత్రం నెట్ సెంటర్లో అవుతుంది: వెబ్‌సైట్ల పనితీరును ఎలా తేల్చాలి

క్లుప్తంగా

వెబ్‌సైట్ బాగుందని చెప్పడానికి ఇప్పుడు ఎక్కువగా రెండే చూస్తున్నారు: చూడ్డానికి ఎలా ఉంది, ఎంతమంది తెరిచారు. అసలు విషయం ఈ రెండిట్లోనూ లేదు. వచ్చిన మనిషి తన ఫోన్లో, తనకి వచ్చిన భాషలో, పక్కవాళ్ల సాయం లేకుండా పని ముగించుకున్నాడా అన్నదే కొలవాలి. పని ఎక్కువగా ఆగిపోయేది వేగం, తెలుగు అక్షరం, ఊళ్ల పేర్లు, ఫారాలు, ఓటీపీ దగ్గర. కొద్దిమందిని కూర్చోబెట్టి వాళ్ల చేతిలో ఫోన్ పెట్టి చూస్తే ఇవి చాలావరకు బయటపడతాయి, అందుకు పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

ఫోన్ చేతిలో ఉండగా నెట్ సెంటర్ ఎందుకు

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల, కాలేజీలున్న వీధుల్లో, మండల కేంద్రాల్లో నెట్ సెంటర్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. చేతిలో ఫోన్ ఉంది, ఫోన్లో డేటా ఉంది, కావాల్సిన సైట్ కూడా ఉంది. అయినా హాల్‌టికెట్ తీయాలన్నా, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టాలన్నా, భూమి రికార్డులైన అడంగల్, వన్‌బీ కాపీ కావాలన్నా, స్కాలర్‌షిప్ ఫారం నింపాలన్నా జనం అక్కడికే వెళ్తున్నారు. ప్రింట్ కోసం వెళ్లారంటే అర్థముంది. కానీ వెళ్లేవాళ్లలో చాలామంది అనే మాట "ఫోన్లో అవ్వట్లేదండి, కాస్త చూడండి" అని.

ఆ మాటకి "వాళ్లకి చదువు లేదు, టెక్నాలజీ అలవాటు లేదు" అని జవాబిచ్చేయడం సులువు. అయితే అదే మనిషి ఫోన్‌పేలో డబ్బులు పంపిస్తున్నాడు, యూట్యూబ్‌లో కావాల్సింది వెతుక్కుంటున్నాడు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెడుతున్నాడు. అక్కడ రాని ఇబ్బంది ఇక్కడ ఎందుకు వస్తోందంటే, ఆ యాప్‌లు కోట్లమంది ఎక్కడ ఆగిపోతున్నారో రోజూ చూసుకుని సరిచేసుకుంటాయి, చాలా సైట్లని మాత్రం ప్రారంభోత్సవం అయ్యాక ఎవరూ ఆ కన్నుతో చూడరు.

చూడగానే నచ్చితే ఎందుకు నమ్మేస్తాం

మనిషి కన్ను చాలా తొందరగా తీర్పు ఇచ్చేస్తుంది. కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో పేజీలని 50 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఇరవయ్యో వంతు మాత్రమే చూపించారు. అంతలోనే జనం అది బాగుందో లేదో చెప్పేశారు, అరసెకను చూపించినప్పుడు ఇచ్చిన మార్కులతో ఆ మార్కులు బాగా కలిశాయి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ బృందం 2002లో 2,684 మందిని "ఈ సైట్లలో ఏది నమ్మదగ్గది, ఎందుకు" అని అడిగితే, వచ్చిన వ్యాఖ్యల్లో సుమారు 46 శాతం రంగులు, అక్షరాలు, అమరిక గురించే ఉన్నాయి. జపాన్‌లో 1995లో ఏటీఎం స్క్రీన్ల మీద చేసిన ప్రయోగంలోనూ అందంగా కనిపించిన అమరికనే జనం వాడటానికి సులువైనదని అనుకున్నారు, నిజంగా సులువైనది అదేనా అన్నదానితో ఆ అభిప్రాయానికి సంబంధం తక్కువే.

కాబట్టి ఒక కాలేజీ యాజమాన్యమో, ఆలయ కమిటీయో, ఆఫీసో కొత్త సైట్‌ని చూసి మురిసిపోవడంలో వింత లేదు. వాళ్లు చూసేది మీటింగ్ హాల్లో పెద్ద స్క్రీన్ మీద, మంచి వైఫై ఉన్న కంప్యూటర్లో. పైన పెద్ద ఫొటో, దానికింద కదులుతున్న అక్షరాలు, పక్కన ప్రముఖుల చిత్రాలు చూసి ఒప్పుకుని బిల్లు పాస్ చేస్తారు. ఆ హాల్లో ఎవరూ ఒక ఫారం మొదటి నుంచి చివరిదాకా నింపి చూడరు. ఇందులో తయారుచేసినవాళ్ల తప్పు ఎంతుందో, చూడకుండా ఒప్పుకున్నవాళ్ల తప్పూ అంతే ఉంది.

ఈ విషయంలో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఎప్పటినుంచో ఉంది. ఐఎస్ఓ 9241లో పదకొండో భాగం 1998లో వచ్చింది, 2018లో దాన్ని సవరించారు. అది మూడు అడుగుతుంది: పని పూర్తయిందా, ఎంత శ్రమతో పూర్తయింది, చేసిన మనిషికి తృప్తిగా ఉందా. ఈ మూడింటినీ ఫలానా మనిషి, ఫలానా పని, ఫలానా పరిస్థితి అని ముందు ఖరారు చేసుకున్నాకే కొలవాలంటుంది. అంటే "మంచి వెబ్‌సైట్" అని విడిగా ఒకటి ఉండదు. హైదరాబాద్‌లో లాప్‌టాప్ ముందు కూర్చున్న ఉద్యోగికి మంచిదైన సైట్ మెళియాపుట్టిలో పాత ఆండ్రాయిడ్ ఫోన్ పట్టుకున్న రైతుకి చెడ్డది కావచ్చు. ఎవరి కోసం కట్టారన్న ప్రశ్న తేలకుండా మార్కులు వేయడం కుదరదు.

వేగం లెక్క

ఒక చిన్న లెక్క చూద్దాం. మొదటి పేజీలో 4 ఎంబీ ఫొటో పెట్టారనుకోండి. కెమెరాలోంచి తీసి అలాగే ఎక్కించేస్తే అంతే ఉంటుంది. ఆఫీసులో 50 ఎంబీపీఎస్ (సెకనుకి 50 మెగాబిట్లు) లైన్ మీద అది సెకనులోపే వచ్చేస్తుంది. సిగ్నల్ పల్చగా ఉన్న చోట 1.5 ఎంబీపీఎస్ దొరికితే ఒక ఎంబీకి 8 మెగాబిట్ల లెక్కన 4 ఎంబీ అంటే 32 మెగాబిట్లు, దాన్ని ఒకటిన్నరతో భాగిస్తే 21 సెకన్లు దాటుతుంది. ఆ ఫొటోనే సైజు తగ్గించి 150 కేబీ చేస్తే ఒక సెకను లోపే వస్తుంది, ఫోన్ స్క్రీన్ మీద తేడా కూడా కనిపించదు. స్లైడర్ అని ఒకదాని తర్వాత ఒకటి మారే ఆరు ఫొటోలు పెడితే ఇక చెప్పక్కర్లేదు.

ఎంత ఆలస్యాన్ని మనిషి ఓర్చుకుంటాడన్న దానికి వాడుకలో ఉన్న హద్దులు మూడున్నాయి. సెకనులో పదో వంతు లోపు స్పందిస్తే అప్పటికప్పుడు జరిగినట్టే ఉంటుంది, ఒక సెకను దాకా ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే మనసు ఇంకోదాని మీదికి పోతుంది. డెన్మార్క్‌కి చెందిన వెబ్ వినియోగ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లో వీటిని ప్రచారంలోకి తెచ్చాడు గానీ దానికి మూలం 1968 నాటి పరిశోధనలోనే ఉంది. యాభై ఏళ్లకి పైగా యంత్రాలు మారాయి, మనిషి ఓపిక మారలేదు.

గూగుల్ 2020లో కోర్ వెబ్ వైటల్స్ పేరుతో మూడు కొలతలు తెచ్చింది. పేజీలో ముఖ్యమైన పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్క్రీన్ మీద కదలిక రావాలి (ఈ కొలత 2024 మార్చిలో పాతదాని స్థానంలో వచ్చింది). చదువుతుండగా పేజీ అటూఇటూ జరగకూడదు, ఆ జరుగుడు స్కోరు 0.1 మించకూడదు. ఈ మూడోది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ, డౌన్‌లోడ్ బటన్ నొక్కబోతుంటే పైన ఏదో ప్రకటన దిగి బటన్ కిందికి జారి, వేలు వేరేదాని మీద పడటం అందరికీ తెలిసిన అనుభవమే.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటి ఉంది. సైట్‌కి వందకి మార్కులిచ్చే లైట్‌హౌస్ అనే గూగుల్ సాధనం లాంటిదానితో పరీక్ష నడిపి "మా సైట్‌కి 95 వచ్చింది" అని చూపిస్తుంటారు. అది ఒక కంప్యూటర్లో, ఊహించుకున్న నెట్ వేగంతో చేసిన పరీక్ష. గూగుల్ హద్దులు మాత్రం నిజంగా వాడినవాళ్ల ఫోన్ల నుంచి వచ్చిన కొలతల మీద పెట్టినవి, అందులోనూ సగటు కాదు, నూటికి 75 సార్లు ఆ హద్దులోపు ఉండాలని. సగటు తీస్తే విశాఖలో ఫైబర్ మీద తెరిచినవాళ్ల వేగం కొండవాలు ఊళ్లో తెరిచినవాళ్ల ఇబ్బందిని కప్పేస్తుంది.

తెలుగు ఉంది, కానీ చదవడానికి లేదు

తెలుగు సైట్లలో ఎక్కువగా కనిపించే లోపం ఒక పాత అలవాటు నుంచి వచ్చింది. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో ఒక్కో అంకె ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకి చోటు 1991 నుంచే ఉంది. అయితే ఆఫీసుల్లో, ప్రెస్సుల్లో చాలాకాలం డీటీపీ ఫాంట్లతోనే టైప్ చేశారు, కొన్ని చోట్ల ఇప్పటికీ చేస్తున్నారు. ఆ ఫాంట్లలో అక్షరం లోపల దాచింది తెలుగు కాదు, ఇంగ్లిష్ గుర్తుల మీద తెలుగు బొమ్మ అంటించినట్టు ఉంటుంది. దాన్ని కాపీ చేసి సైట్లో పెడితే అర్థంకాని గుర్తులు వస్తాయి. మార్చడానికి ఓపిక, టైము ఉండవు. అందుకని ప్రింట్ తీసి, సంతకం పెట్టించి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా ఎక్కించేస్తారు.

పైకి తెలుగు కనిపిస్తుంది. లోపల ఉన్నది బొమ్మ. గూగుల్‌లో వెతికితే చాలాసార్లు దొరకదు. చూపులేని వాళ్ల ఫోన్లో చదివి వినిపించే టాక్‌బ్యాక్‌కి అక్కడ ఒక్క అక్షరం కూడా కనపడదు. ఏ4 కాగితం అంత పేజీని ఆరంగుళాల స్క్రీన్ మీద వేళ్లతో పెద్దది చేసి, ఎడమ నుంచి కుడికి జరుపుతూ, మళ్లీ వెనక్కి వస్తూ చదవాలి. ఒక నోటిఫికేషన్‌లో చివరి తేదీ ఎక్కడుందో వెతకడానికే ఐదు నిమిషాలు పడుతుంది, ఆ తేదీ మీద ఒక పిల్ల చదువు ఆధారపడి ఉండొచ్చు.

రెండోది వరుసల మధ్య ఖాళీ. ఇంగ్లిష్ కోసం తయారైన టెంప్లేట్‌లో వరుసలు దగ్గరగా ఉంటాయి, ఎందుకంటే ఇంగ్లిష్ అక్షరం కింద వేలాడేది తక్కువ. తెలుగులో పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. "రాష్ట్రం", "లక్ష్మి", "స్త్రీ" అన్న మాటలు ఇరుకు వరుసలో పడితే పై వరుస వత్తులు కింది వరుస గుళ్లకి తగులుతాయి, బటన్ మీదైతే కింద సగం తెగిపోతాయి. డెవలపర్‌కి తెలుగు రాకపోతే ఇది అతని కంటికి కనిపించదు. వరుస ఎత్తుని అక్షరం సైజుకి ఒకటిన్నర రెట్లు దాకా పెంచడం అంటే కోడ్‌లో ఒక అంకె మార్చడమే.

మూడోది మాట. మెషీన్‌తో అనువాదం చేయించి "తెలుగు వెర్షన్" అని పెడుతున్నారు. అందులో "దస్త్రమును ఎగుమతి చేయుము" అని ఉంటుంది. ఎగుమతి అంటే మన దగ్గర రొయ్యలో జీడిపప్పో ఓడ ఎక్కడం. "ఫైల్ అప్‌లోడ్ చేయండి" అంటే ఇంటర్ పిల్లాడి దగ్గర్నుంచి వాళ్ల నాన్న దాకా అర్థమవుతుంది. తెలుగులో పెట్టడమంటే జనం నోట్లో ఉన్న మాట పెట్టడం, అది అప్‌లోడ్ అయితే అప్‌లోడే.

ఊరి పేరు దొరక్కపోతే

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైట్ల పనితీరుని బాగా పరీక్షించే విషయం ఊళ్ల పేర్లే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు అప్పటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉన్న రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. పార్వతీపురం, సాలూరు, పాలకొండ వైపు మండలాలు కొత్తగా వచ్చిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరాయి. ఇప్పుడు రాజాం వాళ్లు ఒక సైట్‌లో జిల్లా ఎంచుకోవాలంటే ఏది నొక్కాలి? కేంద్ర ప్రభుత్వ సైట్ అయినా, బ్యాంకు అయినా, కొరియర్ అయినా, దాని వెనక ఉన్న జాబితా ఎప్పటిదో బట్టి జవాబు మారుతుంది. సర్టిఫికెట్ మీద ఒక జిల్లా, ఫారంలో ఇంకో జిల్లా పడితే "వివరాలు సరిపోలలేదు" అంటుంది తప్ప ఎక్కడ సరిపోలలేదో చెప్పదు.

అందులోనూ ఆమదాలవలస మండలం శ్రీకాకుళంలో ఉంది, రేగిడి ఆమదాలవలస మండలం విజయనగరంలో ఉంది. జిల్లా అడగకుండా నేరుగా మండలాల జాబితా ఇచ్చే సైట్లో, అక్షరాలు కత్తిరించి చూపించే చిన్న స్క్రీన్ మీద, ఏది ఏదో తెలుసుకోవడం కష్టమే.

ఆమదాలవలసదే ఇంకో సంగతి. జిల్లా కేంద్రానికి రైల్వే స్టేషన్ అక్కడే ఉంది, దాని పేరు శ్రీకాకుళం రోడ్. స్టేషన్ కోడ్ సీహెచ్‌ఈ, ఎందుకంటే బ్రిటిష్ కాలంలో శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు. ఊరివాళ్లకి ఇది పుట్టినప్పటినుంచీ తెలుసు. అరసవల్లి దర్శనానికి మొదటిసారి వస్తున్న బళ్లారి యాత్రికుడికి తెలియదు. వెతికే పెట్టెలో శ్రీకాకుళం అని కొట్టినా, ఆమదాలవలస అని కొట్టినా ఒకే స్టేషన్ చూపిస్తేనే ఆ వెతుకులాట పనిచేసినట్టు.

ఇక ఇంగ్లిష్ స్పెల్లింగ్. ఇచ్ఛాపురం, ఎచ్చెర్ల, నరసన్నపేట, శృంగవరపుకోట లాంటి పేర్లని ఒక్కో రికార్డులో ఒక్కోలా రాస్తారు. శృంగవరపుకోటని ఎస్.కోట అనేవాళ్లే ఎక్కువ. కంప్యూటర్‌కి ఒక అక్షరం తేడా వచ్చినా అది వేరే ఊరే. దీనికి పరిష్కారం పెద్ద శాస్త్రం కాదు: ఒక్కో ఊరికి వాడుకలో ఉన్న నాలుగైదు రూపాలు, తెలుగు రూపంతో కలిపి, ఒకే అంకెకి ముడిపెట్టాలి. పిన్‌కోడ్ కొడితే ఆ పరిధిలో ఊళ్లు చూపించాలి. ఈ పని చేయాల్సింది ఊళ్లు తెలిసినవాళ్లు, సైట్ కట్టినవాళ్లు ఎక్కడో బెంగళూరులో ఉంటే వాళ్లకి తట్టదు.

ఫారం, ఫొటో, ఓటీపీ

పనులు ఎక్కువగా తెగిపోయేది ఫారం దగ్గర. ఇందులో మూడు నాలుగు చోట్లు పదేపదే కనిపిస్తాయి.

ఫొటో 50 కేబీ లోపు ఉండాలి, సంతకం 20 కేబీ లోపు ఉండాలి అంటారు. ఫోన్లో తీసిన ఫొటో 3 ఎంబీ ఉంటుంది. దాన్ని తగ్గించడం మామూలు మనిషికి రాదు, నెట్ సెంటర్‌కి వెళ్లేలా చేసే అతి పెద్ద కారణాల్లో ఇదొకటి. విచిత్రమేమిటంటే ఆ తగ్గించే పని సైట్ తనంతట తాను చేసుకోగలదు, బ్రౌజర్లోనే చేయించే పద్ధతులు ఏళ్ల క్రితమే వచ్చాయి. అంటే కంప్యూటర్ చేయాల్సిన పని మనిషి నెత్తిన పెట్టారు.

సమయం అయిపోతుంది. మూడో పేజీలో నాన్నగారి ఆదాయ సర్టిఫికెట్ నంబర్ అడుగుతుంది, కాగితం కోసం బీరువా వెతికి వచ్చేసరికి మళ్లీ లాగిన్ అవ్వమంటుంది, అంతకుముందు నింపిందంతా పోతుంది. అంతర్జాతీయ సులభ వినియోగ మార్గదర్శకాల్లో దీని మీద స్పష్టమైన నియమమే ఉంది. గడువు ముగిసేముందు హెచ్చరించాలి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి.

తర్వాత ఓటీపీ. దీని గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా తగిలే సమస్య. శ్రీకాకుళం తీరం నుంచి, విజయనగరం మెట్ట ప్రాంతాల నుంచి మగవాళ్లు చెన్నై, హైదరాబాద్, గుజరాత్ రేవుల దాకా పనులకి వెళ్తారు. ఇంట్లో అందరి ఆధార్‌కీ ఒకే నంబరు కట్టి ఉంటుంది, ఆ ఫోన్ ఇంటాయన జేబులో ఎక్కడో సముద్రం మీదో, కట్టడం మీదో ఉంటుంది. ఇక్కడ భార్య ఫారం నింపుతుంటే ఓటీపీ అక్కడికి వెళ్తుంది. ఆయన ఫోన్ ఎత్తి, చూసి, చెప్పేలోపు గడువు దాటిపోతుంది. సైట్ లెక్కల్లో ఇది "యూజర్ మధ్యలో వెళ్లిపోయారు" అని నమోదవుతుంది. అసలు కారణం ఆ లెక్కలో ఎక్కడా పడదు.

దీని పర్యవసానం డబ్బు, టైముతో ఆగదు. నెట్ సెంటర్లో పని చేయించుకున్న ప్రతిసారీ ఆధార్ నంబర్, పాస్‌వర్డ్, ఓటీపీ ఇంకొకరి చేతికి వెళ్తాయి. చాలా నెట్ సెంటర్ల వాళ్లు నిజాయితీగా, ఓపికగా సాయం చేస్తారు, వాళ్లు లేకపోతే ఎన్నో అప్లికేషన్లు ఆగిపోయేవి. అయినా కౌన్సెలింగ్ పాస్‌వర్డ్ పదిమంది వాడే కంప్యూటర్లో ఉండిపోవడం మంచిది కాదు. ఒకవైపు "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అని ప్రచారం చేస్తూ, ఇంకోవైపు చెప్పక తప్పని పరిస్థితి తెచ్చేది ఆ కష్టమైన ఫారమే.

చూపు తగ్గినవాళ్లు, ఎండలో చూసేవాళ్లు

పైన చెప్పిన సులభ వినియోగ మార్గదర్శకాల పేరు డబ్ల్యూసీఏజీ, అవి 1999లో మొదలై 2023 అక్టోబరులో 2.2 వెర్షన్‌కి వచ్చాయి. అక్షరం రంగుకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని, పెద్ద అక్షరాలకైతే 3కి 1 చాలని అందులో ఉంది. లేత బూడిద రంగు అక్షరాలు తెల్ల కాగితం మీద అందంగా ఉంటాయేమో, శుక్లాలు వచ్చిన పెద్దాయన చదవలేడు, మే నెల ఎండలో పొలం గట్టు మీద నిలబడి ఫోన్ చూస్తున్న కుర్రాడూ చదవలేడు. వికలాంగుల కోసమని పెట్టిన నియమం అందరికీ పనికొస్తుందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన దేశంలో ఇది దయ మీద నడిచే విషయం కూడా కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సమాచారం అందుబాటు గురించే. ప్రభుత్వ సైట్లకి 2009 నుంచే కేంద్రం మార్గదర్శకాలున్నాయి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, కేవైసీ కోసం కళ్లార్పమనడం లాంటి షరతుల వల్ల యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివాళ్లు పడుతున్న ఇబ్బంది మీద తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. జిల్లాల అధికారిక సైట్లు కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ ఇచ్చే ఒకే వేదిక మీద నడుస్తున్నాయి కాబట్టి అక్షరం సైజు పెంచుకోవడం లాంటివి వాటితోపాటే వస్తాయి. కానీ వేదిక ఎంత మంచిదైనా అందులో ఎక్కించింది స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే లాభం లేదు.

పలాస జీడిపప్పు అమ్మే సైట్ సంగతి

అమ్మకం సైట్లకీ ఇదే సూత్రం. పలాసలో జీడిపప్పు వ్యాపారి సైట్ పెట్టి డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని రకాలు రాశాడనుకుందాం. ఆ అంకె ఒక పౌండు బరువుకి ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. హోల్‌సేల్ కొనేవాడికి ఇదే కావాలి, వేరే మాట అక్కర్లేదు. పెళ్లికి రెండు కేజీలు కొనాలనుకునే ఇల్లాలికి మాత్రం 320 అంటే 240 కన్నా మంచి రకమేమో అనిపిస్తుంది. ఆమెకి చేతిలో పెట్టిన పప్పు ఫొటో, "పాయసంలోకి", "స్వీట్లలోకి" అన్న మాట, కేజీ ధర, ఇంటికి చేర్చే ఖర్చు కావాలి. ఒకే పేజీ ఇద్దరికీ సరిపోదు, రెండు దారులు పెట్టాలి.

ధర చివర్లో చెప్పడం ఇంకో పెద్ద లోపం. ఆన్‌లైన్ బుట్టలో వేసినవాళ్లలో సుమారు 70 శాతం మంది కొనకుండా వెళ్లిపోతారని అంతర్జాతీయంగా ఎక్కువగా చెప్పుకునే లెక్క, దానికి ముఖ్య కారణాల్లో చివర్లో వచ్చిపడే అదనపు ఛార్జీలు ఒకటి. కావాలని అలా దాచడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో తప్పుగానే గుర్తించింది, అడగని వస్తువుని బుట్టలో వేయడం లాంటివాటితో కలిపి మొత్తం 13 మోసపు పద్ధతుల్ని అందులో చేర్చింది.

వాట్సాప్ వచ్చాక సైట్ ఎందుకు

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్ సేవలు మొదలుపెట్టింది, తొలి విడతలో 161 సేవలతో. ఇక సైట్లతో పనేముందన్న ప్రశ్న అప్పటినుంచీ వినిపిస్తోంది. చాట్‌లో ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంది, జనానికి ముందే అలవాటైన తెర, తక్కువ డేటా. హాల్‌టికెట్, బిల్లు, సర్టిఫికెట్ లాంటి ఒకే ముక్క పనికి ఇది సైట్ కన్నా మేలు. పది కాలేజీల ఫీజులు పక్కపక్కన పెట్టి పోల్చుకోవాలన్నా, వెనక్కి వెళ్లి ఒక్క గడి మార్చాలన్నా చాట్ ఇరుకవుతుంది. పైగా చాట్ వెనక ఉన్న రికార్డులు సైట్ వెనక ఉన్నవే. రాజాం పాత జిల్లాలోనే ఉండిపోయిన జాబితా వాట్సాప్‌లోనూ అలాగే పలుకుతుంది. కాబట్టి కొలవాల్సిన ప్రశ్న మారదు.

ఎలా కొలవాలి

"లక్షమంది చూశారు" అన్నది కొలత కాదు. అమెరికాలో ఆరోగ్య బీమా కోసం కట్టిన హెల్త్‌కేర్ డాట్ గవ్ 2013 అక్టోబరు 1న తెరిచినప్పుడు లక్షల మంది వచ్చిపడ్డారు, మొదటి రోజు చివరిదాకా నమోదు పూర్తిచేయగలిగింది ఆరుగురు. సైట్‌లో ఎక్కువసేపు ఉన్నారన్నదీ నమ్మలేం. దారి తప్పినవాడు కూడా ఎక్కువసేపే ఉంటాడు. ఫారం మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది, ముగించినవాళ్లు ఎంతమంది, మధ్యలో ఏ గడి దగ్గర ఆగారు అన్న మూడు అంకెలు చాలు.

నిపుణుడిని కూర్చోబెట్టి నియమాల ప్రకారం తప్పులు పట్టించడం ఒక పద్ధతి. నీల్సన్ 1994లో స్థిరపరిచిన పది సూత్రాలు దానికి ఇప్పటికీ ఆధారం: ఏం జరుగుతోందో మనిషికి చెబుతూ ఉండాలి, వాళ్ల భాషలో మాట్లాడాలి, తప్పు జరగకముందే ఆపాలి, ఇలా. డబ్బు కట్టాక తెల్ల తెర వచ్చి ఆగిపోవడం అందులో మొదటిదాన్ని మీరడమే.

దానికన్నా నమ్మదగ్గది నిజమైన మనుషుల చేత చేయించి చూడటం. నీల్సన్, ఆయన తోటి పరిశోధకుడు లాండావర్ 1993లో కట్టిన లెక్క ప్రకారం ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలు బయటపెడతాడు. అలా ముగ్గురు చేస్తే 67 శాతం, ఐదుగురు చేస్తే 84 శాతం బయటపడతాయి. ఆ తర్వాత ఇంకొకరిని కూర్చోబెట్టే కన్నా ఉన్నవి సరిచేసి మళ్లీ ఐదుగురితో చూడటం మేలు. కానీ ఈ లెక్క ఒకే రకం మనుషులకి. ఐదుగురూ అదే ఆఫీసు ఉద్యోగులైతే బయటపడేది ఆఫీసు వాళ్ల ఇబ్బందులే.

చివర్లో ప్రశ్నపత్రం ఇచ్చే పద్ధతీ ఉంది. 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన పది వాక్యాల ఎస్‌యూఎస్ వందకి మార్కులిస్తుంది, మామూలుగా సగటు 68 అంటారు. మన దగ్గర దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే పొరపడతాం, ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని "బాగుందండీ, బాగానే ఉంది" అనడం ఇక్కడి మర్యాద. నోటి మాట కన్నా వేలు ఎక్కడ ఆగిందో చూడాలి. ఇంకో మంచి ఆధారం ఎవరూ అడగనిది: ఊళ్లో నెట్ సెంటర్ వాళ్లు. ఏ సైట్ పని కోసం రోజూ ఎంతమంది వస్తున్నారు, వచ్చి ఏమంటున్నారు అని వారం రోజులు రాయించుకుంటే ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వని లెక్క దొరుకుతుంది.

ఈ రెండు జిల్లాల కోసం కట్టే సైట్ అయితే కూర్చోబెట్టాల్సిన మనుషులు కళ్లముందే ఉన్నారు. తెలుగూ ఒడియా కలిపి మాట్లాడే ఇచ్ఛాపురం దుకాణదారు. ఆధార్ నంబరున్న ఫోన్ చెన్నైలో ఉన్న కళింగపట్నం వైపు మత్స్యకార ఇల్లాలు. పాత జిల్లా కాగితాలున్న రాజాం రైతు. టాక్‌బ్యాక్‌తో చదువుకునే డిగ్రీ విద్యార్థి. ఎస్.కోట కొండవాలులో తక్కువ సిగ్నల్‌తో ఉండే ఆశా కార్యకర్త. వాళ్ల ఫోనే వాళ్ల చేతిలో ఉండాలి, వైఫై ఇవ్వకూడదు. ఒక పని చెప్పి పక్కన కూర్చోవాలి. ఆగిపోయినప్పుడు "అది కాదమ్మా, ఇక్కడ నొక్కు" అనకుండా, ఎక్కడ ఆగారో, ఆగినప్పుడు ఏమన్నారో రాసుకోవాలి.